సొరంగంలో ఆడిన ఆట

శ్రోతలకు నమస్కారం. ఏళ్లు గడిచినా పెద్దగా మారని వీడియో గేమ్స్ గురించి ఈ రోజు నాలుగు మాటలు.

తొంభైల్లో ఒక వేసవి సెలవుల్లో నాన్న విశాఖ పూర్ణా మార్కెట్లో బ్రిక్ గేమ్ కొనిపెట్టారు. చేతిలో పట్టుకుని ఆడే చిన్న ఎలక్ట్రానిక్ ఆట అది. పైనుంచి ముక్కలు పడుతుంటాయి. వాటిని తిప్పి సందుల్లో ఇరికించాలి. అడ్డవరస నిండితే ఆ వరస మాయమవుతుంది. అదే వేసవిలో కిరండూల్ పాసింజర్లో అరకు వెళ్లాం. శృంగవరపుకోట దాటి రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టాక సొరంగాలు వస్తాయి కదా. ఆ ఆటకు లోపల లైటు లేదు. సొరంగంలో తెర కనిపించదు. అయినా నేను ఆపేవాణ్ణి కాదు. ఏ ముక్క ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, చీకట్లో వేళ్లతోనే ఆడేవాణ్ణి. వెలుగులోకి వచ్చేసరికి ఒక్కోసారి తెరంతా నిండిపోయేది.

ఆ ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో, సోవియట్ సైన్స్ అకాడమీ కంప్యూటర్ సెంటర్లో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ దాన్ని తయారుచేశారు. ఆయన దగ్గరున్న ఎలక్ట్రోనికా 60 అనే కంప్యూటర్ బొమ్మలు చూపించలేకపోయేది, అక్షరాలూ గుర్తులే చూపించేది. అందుకని బ్రాకెట్ గుర్తులు పక్కపక్కన పెట్టి గళ్లు చేశారు. నాలుగేసి గళ్లతో ఏడు రకాల ముక్కలు. ఈ రోజు మీ ఫోన్‌లో వేసుకున్నా ఆ ఏడే ఉంటాయి.

ఏడే ఎందుకో కాగితం తీసుకుని గీసి చూడండి. నాలుగు గళ్లను అంచులు కలిసేలా ఎన్ని రకాలుగా పేర్చగలం? తిప్పితే ఒకటే అయ్యేవాటిని ఒకటిగా లెక్కేస్తే సరిగ్గా ఏడు వస్తాయి. ఎనిమిదోది కలపాలన్నా లేదు. పజిత్నోవ్ ముందు ఐదు గళ్ల ముక్కల గురించే ఆలోచించారు. అలా చేస్తే 18 రకాలవుతాయి, పడుతున్న ముక్క ఏదో గుర్తుపట్టేలోపే పుణ్యకాలం గడిచిపోతుంది. నాలుగు దగ్గర ఆగడమే ఆయన గొప్పతనం అని నాకనిపిస్తుంది.

కొన్ని రకాల వీడియో గేమ్స్‌లో నలభై ఏళ్లయినా కొత్తదనం లేదని చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. మా నాన్నమ్మ అరుగు మీద సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసేది. అడ్డం ఐదు గళ్లు, నిలువు ఐదు గళ్లు, నాలుగు గవ్వలు. ఆ గళ్లు పెంచమని మేమెవరం అడగలేదు. ఎదుటివాళ్ల కాయను చంపడానికి ఒక్క గడి దూరంలో ఉన్నప్పుడు పడే టెన్షన్ ప్రతిసారీ కొత్తగానే ఉండేది.

పైనుంచి దిగే శత్రువులను కాల్చే ఆటలూ అంతే. 1978లో జపాన్‌లో తొమోహిరో నిషికాడో స్పేస్ ఇన్వేడర్స్ చేసినప్పుడు, తెర మీద 55 బొమ్మలను కదపడం ఆనాటి యంత్రానికి భారమైంది. కొన్నింటిని కాల్చేస్తే భారం తగ్గి, మిగిలినవి వేగంగా కదిలాయి. అది యంత్రంలోని లోపం. కానీ ఆట రానురాను కష్టమవుతుంటే బాగుందని ఆయన దాన్ని అలాగే ఉంచేశారు. ఇప్పటి ఫోన్లకు ఆ బరువు ఒక లెక్కే కాదు, అయినా ఆ ఆటల్లో వేగం పెరుగుతూనే ఉంటుంది. ఇద్దరు తలపడే ఫైటింగ్ గేమ్స్ చూసినా, 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2లో ఉన్నట్టే తెరపైన ఇటొకటి అటొకటి బలం చూపే గీతలు, మధ్యలో గడియారం.

కిందటి ఏడాది అదే రైల్లో మళ్లీ అరకు వెళ్లాం. మా అబ్బాయి ఫోన్‌లో ముక్కలు పేరుస్తున్నాడు. మా అమ్మ కాసేపు చూసి, "ఒరే, ఇలా ఇవ్వు" అని తీసుకుంది. ఎలా ఆడాలని అడగలేదు. రెండు వరసలు చెరిపేసింది.

"నాన్నమ్మా, నీకిది ఎలా వచ్చు?"

"మీ నాన్న నిద్రపోయాక నేనూ ఆడేదాన్ని."

అప్పుడే సొరంగం వచ్చింది. ఈసారి చీకట్లో కూడా తెర వెలుగుతోంది. అమ్మ తల ఎత్తలేదు.