దవడ సర్జరీ: సరిచేసిన కాటు (పై, కింది పళ్లు కలిసే తీరు) ఎంతకాలం నిలుస్తుంది?

అందరికీ నమస్కారం.

దవడ సర్జరీ అయిన వారానికి తీసిన ఎక్స్‌రే చూసి మురిసిపోవడం తేలికే. ఏడాదికి, ఐదేళ్లకి తీసినవి దాని మీద పెట్టి చూస్తేగానీ అసలు సంగతి తెలియదు. సరిచేసిన చోటు నుంచి దవడ కదలిక 2 మి.మీ. లోపుంటే పట్టించుకోనక్కర్లేదు. 2 నుంచి 4 దాకా ఉంటే ఆర్థోడాంటిస్టు పళ్లు జరిపి సర్దుకురాగలరు. 4 దాటితే మళ్లీ సర్జరీ మాట ఎత్తాల్సి రావచ్చు.

ఏ దిశలో జరిపామన్నది ముందు చూడాలి. అమెరికాకు చెందిన ఆర్థోడాంటిస్టు విలియం ప్రాఫిట్, సర్జన్ తిమోతీ టర్వే బృందం ఏ మార్పు ఎంత బాగా నిలుస్తుందో 1996లో ఒక వరస ఇచ్చింది, 2007లో దాన్ని సవరించింది. పై దవడను పైకి జరపడం అన్నిటికంటే బాగా నిలుస్తుంది. పొడుగు ముఖం లేనివారిలో కింది దవడను ముందుకు తేవడం దాదాపు దాని సరసనే. పై దవడను ముందుకు తేవడం కూడా ఫరవాలేదు. మొండికేసేవి మూడు: పై దవడను కిందికి దించడం, దాన్ని వెడల్పు చేయడం, కింది దవడ ఒక్కదాన్నే వెనక్కి నెట్టడం.

దించిన పై దవడ కింద నమిలే బలం రోజంతా పైకి తోస్తూనే ఉంటుంది. కోసిన చోట ఎముకకూ ఎముకకూ మధ్య ఖాళీ. అందుకే అక్కడ ఎముక ముక్క పెట్టి గట్టి ప్లేట్లు వేస్తాం. వెడల్పు చేసినచోట సాగిన అంగిలి కణజాలం లోపలికి లాగుతుంది. స్ప్లింట్ (పళ్లు సరైన చోట కూర్చునేలా వాటి మధ్య పెట్టే ప్లాస్టిక్ పలక) తీసేసిన రోజే అంగిలికి అడ్డంగా తీగ పెట్టకపోతే వెడల్పు చేజారుతుంది. ఇక కింది దవడను వెనక్కి నెట్టేటప్పుడు, వెనుక నిలువుగా ఉండే రేమస్ కూడా తెలియకుండా వెనక్కి వాలిపోతుంది. కండరాలు పని మొదలెట్టగానే దాన్ని పాత వాలుకు తెచ్చుకుంటాయి. గడ్డం మళ్లీ ముందుకొస్తుంది.

జారిన దవడ ఎదురైతే ‘ఎంత’ కన్నా ముందు ‘ఎప్పుడు’ అని అడగండి. కారణం చాలావరకు అక్కడే దొరుకుతుంది.

మొదటి రోజుల్లోనే కాటు తేడా వస్తే, తప్పు ఆపరేషన్ బల్ల మీద జరిగింది. మత్తులో కండరాలు వదులవుతాయి. కీలులో కూర్చోవాల్సిన కింది దవడ గుండ్రటి కొస, అంటే కాండైల్, గుంటలోంచి కిందికి జారి ఉంటుంది. అలాగే స్క్రూలు బిగిస్తే, పై, కింది పళ్లను కలిపి కట్టిన తీగలు విప్పగానే కాండైల్ పైకెళ్లి ముందుపళ్లు తెరుచుకుంటాయి. ప్లేటు వేసేముందు ముక్కల మధ్య అడ్డొచ్చే ఎముకను అరగదీయాలి. కాండైల్‌ను పైకి, ముందుకు మెల్లగా ఆనించాలి. బలంగా వెనక్కి నొక్కకూడదు. బిగించాక తీగలు విప్పి, దవడను చేత్తో ఆడించి, పళ్లు స్ప్లింట్‌లో తమంతట తాము కూర్చుంటున్నాయో లేదో చూడాలి. కూర్చోకపోతే స్క్రూలు తీసి మళ్లీ మొదలుపెట్టడమే. పది నిమిషాలు పోతాయని రబ్బర్లతో లాగి సరిపెట్టడం నా దృష్టిలో అప్పు చేయడమే.

మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో జారితే ఎముక ఇంకా అతుక్కోలేదు. సాగిన కండరాలు, చర్మం లాగుతున్నాయి, లేదా ప్లేటు వదులైంది. కింది దవడను 7 మి.మీ. కన్నా ఎక్కువ ముందుకు తెస్తే ఈ లాగుడు బాగా పెరుగుతుంది. మెత్తని తిండి తినమనేది ఈ దశ కోసమే. గట్టిది కొరికారంటూ ప్రతి తప్పూ రోగి నెత్తిన వేయడం మాత్రం న్యాయం కాదు.

ఏడాది దాటాక మొదలయ్యేది వేరే జబ్బు. ఎదుగుదల ఆగకుండా సర్జరీ చేసి ఉంటే కింది దవడ పెరుగుతూనే ఉంటుంది. అందుకే ముందే ఆరు నెలల నుంచి ఏడాది ఎడంతో రెండు పక్క ఎక్స్‌రేలు పోల్చి, తేడా లేదని తేల్చుకోవాలి. రెండోది కాండైల్ కరిగిపోవడం. కింది దవడ చిన్నదై, దాని కింది అంచు బాగా ఏటవాలుగా ఉన్న యువతుల్లో, అందులోనూ పెద్ద దూరం ముందుకు తెచ్చినవారిలో ఎక్కువ. నొప్పి ఉండకపోవచ్చు, గడ్డం మెల్లగా వెనక్కి పోతుంది, ముందుపళ్ల మధ్య సందు పడుతుంది. అప్పుడు తొందరపడి రెండో సర్జరీ చేస్తే కరుగుతున్న కీలు మీద మళ్లీ బరువు వేసినట్టే. పళ్ల అచ్చులు, స్కాన్‌లు వరసగా తీస్తూ, కనీసం ఏడాదిపాటు మార్పు ఆగిందని చూశాకే కత్తి పట్టాలి.