వరంగల్ రోడ్లకు వరంగల్ లెక్కలే కావాలి

అందరికీ నమస్కారం.

హన్మకొండ చౌరస్తాలో ఇప్పుడు ఎన్ని బండ్లున్నాయో కెమెరా చూపిస్తుంది. ఇంకో అరగంటకు ఎన్నుంటాయో చెప్పడం వేరే పని. గతంలో ఇదే వారం, ఇదే వేళ ఎట్లా ఉండేదో తెలియాలి. పక్క జంక్షన్లలో ఇప్పుడేం జరుగుతోందో కూడా తెలియాలి, ఎందుకంటే కాజీపేట నుంచి కదిలిన బండ్లే కాసేపటికి సుబేదారిలో రద్దీ అవుతాయి. గతాన్ని చూసి నేర్చుకునే మొదటి పనిని 1997లో వచ్చిన ఎల్‌ఎస్‌టీఎం (వరుసగా వచ్చే లెక్కలను గుర్తుపెట్టుకునే కంప్యూటర్ పద్ధతి) లాంటివి చేస్తాయి. ఆ తర్వాత వచ్చిన గ్రాఫ్ న్యూరల్ నెట్‌వర్కులు (జంక్షన్లను ఒకదానితో ఒకటి కలిపి చూసే పద్ధతులు) పక్క జంక్షన్ల ప్రభావాన్నీ నేర్చుకున్నాయి.

కానీ ఇవి ఎవరి రోడ్ల మీద నేర్చుకున్నాయి? పరిశోధకులు ఎక్కువగా వాడే డేటాల్లో ఒకటి లాస్ ఏంజిలిస్ హైవేలది. 2012లో నాలుగు నెలలపాటు 207 సెన్సర్ల నుంచి ఐదేసి నిమిషాలకు తీసిన లెక్క అది. అక్కడ బండి తన లేన్‌లో తాను పోతుంది. మన దగ్గర సవారీ కోసం ఒక ఆటో ఆగితే, వెనక బస్సు కుడికి తిప్పుకుంటుంది, ఆ సందులోంచి నాలుగు బైకులు దూరతాయి. కాబట్టి కెమెరాతో బైకు, ఆటో, బస్సు, లారీ అని విడివిడిగా లెక్కపెట్టడమే మనకు నప్పుతుంది.

అంతకన్నా పెద్ద సంగతి మన క్యాలెండర్. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వరుస సెలవులొచ్చాయనుకోండి. తెరిచే రోజుకు ముందు రాత్రి నుంచే బస్తాలెత్తిన ట్రాక్టర్లు, డీసీఎంలు బారులు తీరతాయి. పాత సోమవారాల సగటు చూసే మెషిన్‌కు ఈ సోమవారం అంతుచిక్కదు. మార్కెట్ సెలవుల పట్టిక దానికి ముందే ఇస్తే చిక్కుతుంది.

మేడారం జాతర ఇంకా కష్టం. రెండేళ్లకోసారి వస్తుంది కాబట్టి పదేళ్ల డేటా తీసినా చేతికొచ్చేవి ఐదారు జాతరలే. పైగా పోలీసులు పోయే దారి, వచ్చే దారి వేరు చేస్తారు. అంటే రోడ్ల అల్లికే మారిపోతుంది. ఇక్కడ మెషిన్ కన్నా జాతర డ్యూటీలు చేసిన పోలీసుల అనుభవాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. ఆ అనుభవం మాత్రం లెక్కల్లోకి ఎక్కాలి, లేకపోతే వాళ్ల బదిలీతోనే పోతుంది.

 చుట్టుపక్కల జిల్లాల నుంచి ఎంజీఎం ఆసుపత్రికి వచ్చే అంబులెన్సుకు దారి దొరకడమే ఈ అంచనాలకు అసలు పరీక్ష అని నా అభిప్రాయం. అంచనా స్క్రీన్ మీదే ఉండిపోయి సిగ్నల్ టైమింగ్ మారకపోతే ఆ అంబులెన్సుకు ఒరిగేదేమీ లేదు.

ఇక్కడున్న ఇంజినీరింగ్ విద్యార్థులను ఒకటి అడుగుతాను. వచ్చే మిర్చి సీజన్‌కు ఎనుమాముల దారిలో ఒక్క జంక్షన్ తీసుకోండి. బండ్ల లెక్కతో పాటు మార్కెట్ సెలవులు, వానలు, పెళ్లి ముహూర్తాలు కూడా రాసిపెట్టండి. మీ అంచనా అక్కడ డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కు చూపించండి. తప్పంటే, ఎందుకో అడిగి అదీ రాసుకోండి.