చక్రాలకు లాక్ వేసినవా?

తమ్ముడు: నమస్తే అందరికి. ఇయ్యాల ఈ ఎపిసోడ్ల దవాఖానల్ల, వృద్ధాశ్రమాల్ల అగ్నిప్రమాదాల గురించి మాట్లాడుదామనుకున్నం. అక్కా, షురూ చేద్దామా?

అక్క: ఆగు. అమ్మమ్మ మంచం చక్రాలకు లాక్ వేసినవా?

తమ్ముడు: వేసిన.

అక్క: (నవ్వు) అయితే షురూ చెయ్.

తమ్ముడు: సరే. 2011 డిసెంబర్ 9న కలకత్తాల ఆమ్రి ఆస్పత్రి. సెల్లార్ల మంటలు లేస్తే పొగ పై అంతస్తులకు ఎక్కింది. 90 మందికి పైనే పోయిన్రు. 2020 ఆగస్టు 9న విజయవాడల కోవిడ్ సెంటర్‌గా మార్చిన హోటల్ల మంటలు, 10 మంది. మంచం దిగలేని మనిషి పొగల ఎట్ల ఉరుకుతడు?

అక్క: ఉరకడు. ఎత్తుకొని దింపాలె. ఎత్తేదెవరు? ఆయమ్మనే. ఆమె నడుము ముందే పోయింది.

తమ్ముడు: అక్కా, మంటల సంగతి...

అక్క: ఇది కూడ దాని సంగతే. నేను చేసిన ఒక దగ్గర నైట్ డ్యూటీల ఇరవై మందికి ఒక్క ఆయమ్మ. బరువున్న పెద్దమనిషిని ఒక్కతే లేపింది. వీల్‌చైర్ బ్రేకు పట్టలే, బండి వెనుకకు జరిగింది. ఇద్దరు పడ్డరు. ఆయనకు తుంటి విరిగింది, ఈమె నెల రోజులు లేవలే.

తమ్ముడు: బ్రేకు చూసుకోవాలె గదా ఆమె?

అక్క: చూసుకున్నది! బ్రేకు పట్టుతలేదని మూడుసార్లు రిజిస్టర్ల రాయించింది. ఎవ్వరు బాగుచేయించలే. పడినంక మాత్రం తప్పు ఆమెదే అని సంతకం పెట్టించుకున్నరు.

తమ్ముడు: అయినా ఇంకో మనిషి వచ్చేదాక ఆగొచ్చు గదా.

అక్క: ఆయన బాత్రూమ్ అంటున్నడు. ఎంతసేపు ఆగుమంటవ్? ఇంకో మనిషిని పెట్టుడు ఎవరి పని?

తమ్ముడు: ...యాజమాన్యం పని.

అక్క: ఆఁ. ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, కట్టి ఉంటే డ్యూటీల దెబ్బ తాకినప్పుడు, పనికి పోలేని రోజులకు జీతంల 90 శాతం వస్తుండె. ఈఎస్‌ఐ లేకపోతే అప్పుడు 1923 నాటి నష్టపరిహార చట్టం ఉండె, ఓనరే ఇయ్యాల్సి ఉండె. ఆమెకు ఆ ముక్క ఎవ్వరు చెప్పలే. నాకు కూడ తెల్వదు అప్పుడు. ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటది.

తమ్ముడు: (కొద్దిసేపు మౌనం) ఏం జేస్తున్నది ఇప్పుడు?

అక్క: ఇండ్లల్ల వంట. నిలబడి చేయలేక స్టూల్ వేసుకుంటది. ఆ చేతులతోని ఎంతమందికి ఒళ్లు తుడిచిందో... మంచం మీద మనిషిని పైకి జరుపుతుంటే కింద దుప్పటి మడత పెట్టి ఇద్దరు చెరో దిక్కు పట్టుకోవాలె. అంతే, పెద్ద ఖర్చు లేదు. రెండో మనిషి కావాలె. చక్రాలకు లాక్.

తమ్ముడు: మా కేర్‌టేకర్ పిల్ల గూడ ఒక్కతే లేపుతది అమ్మమ్మను. నేను లాప్‌టాప్ ముందట కూసుంట.

అక్క: నడుము నొస్తుందని ఎప్పుడన్న చెప్పిందా?

తమ్ముడు: చెప్పలే. మొన్న వంగి గోడ పట్టుకున్నది. అలసిపోయిందనుకున్న.

అక్క: ఏజెన్సీ వాళ్లు ఈఎస్‌ఐ కడుతున్నరా ఆ పిల్లకు?

తమ్ముడు: అడగలే.

అక్క: ఇంట్లనే ఉన్నదా?

తమ్ముడు: ఉన్నది, పక్క రూంల. ఎపిసోడ్ అయినంక అడుగుత.

అక్క: మంటల గురించి వచ్చే వారం చెప్పుకుందం. పో, ఇప్పుడే అడుగు.

తమ్ముడు: రికార్డింగ్ నడుస్తున్నదక్కా.

అక్క: ఆపెయ్.