చల్లని నీళ్లలో పురుగుల వేట

అందరికీ నమస్కారం. చల్లటి సముద్రాల్లో బతికే కంటికి కనపడని పురుగుల్లో, అంటే బ్యాక్టీరియా లాంటివాట్లో, కొత్త మందులు వెతకడం గురించి మే నెల తిరుపతిలో మాట్లాడమంటే నాకే నవ్వొచ్చింది, సరే, ఎండ మరిచిపోడానికన్నా పనికొస్తాది.

మీ ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన పాలు కూడా కొన్ని రోజులకి చెడిపోతాయి కదా, ఎందుకో ఎప్పుడన్నా ఆలోచించారా? సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ చలిలో కూడా నిదానంగా పెరుగుతానే ఉంటాయి. సముద్రం కూడా అట్లాంటి పెద్ద ఫ్రిజ్జే. మనం కాళ్లు తడుపుకునే చోట వెచ్చగా ఉంటాది గానీ మొత్తం నీళ్లలో సుమారు 90 శాతం 5 డిగ్రీల లోపే. అందులో బతికేవాటి కణం పొర మామూలు వాటిలా కాదు. చలికి నెయ్యి పేరుకుంటాది, చెనక్కాయ నూనె అంత సులభంగా పేరుకోదు, అదే తేడా, ఈ జీవుల పొరలో ఆ నూనె మాదిరి చలికి గట్టిపడని అన్‌శాచురేటెడ్ కొవ్వులు జాస్తి.

సముద్రం నుంచి మందులేం వస్తాయి అంటారా, మీలో చానా మంది వేసుకున్న సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ మాత్ర మూలం అదే. ఇటలీలోని సార్డినియా దీవిలో సముద్రంలోకి మురుగు కలిసే చోట 1945లో బ్రోట్జు అనే ఆయన పట్టిన బూజు, దాన్నుంచే సెఫిక్సిమ్ లాంటి సెఫలోస్పోరిన్ మందులు. అది చల్లటి సముద్రం కాదులెండి.

ఇప్పుడు నా తప్పు చెప్తా. పీజీలో ఉండగా ధ్రువ ప్రాంతం బురద శాంపిల్ కొంచెం మాకు దొరికింది. నేను అలవాటు కొద్దీ, ఆ బురద పూసిన ప్లేట్లు, అంటే బ్యాక్టీరియా పెంచే గాజు పళ్లేలు, మన ఒంటి వేడి 37 డిగ్రీల్లో పెట్టేసి, పొద్దన వచ్చి చూసి "ఏం రాలేదు సార్" అన్నా. మా సార్ తిట్టలేదు, మిగిలిన బురదని 4 డిగ్రీల్లో పెట్టించినాడు. వారం ఏం లేదు, రెండు వారాలు ఏం లేదు, మూడో వారంలో ఆవగింజలో సగమంత పసుప్పచ్చ చుక్కలు, నేను గోల చేసేసినా. ఆనక ఒక రాత్రంతా కరెంటు లేదు, పొద్దనకి సగం ప్లేట్లు పాయె. ఎక్కడైనా ప్లేట్లు పెట్టే ఇంక్యుబేటర్ పెట్టె వెచ్చబెట్టడానికి, మాకేమో చల్లబెట్టడానికి.

పెరిగినా పని అయిపోదు. వాటి సారం (ఎక్స్‌ట్రాక్ట్) తీసి, రోగం తెచ్చే బ్యాక్టీరియా ప్లేట్ మీద పెట్టిన చిన్న కాగితం డిస్క్ మీద చుక్కేస్తే, చుట్టూ అవి పెరగని క్లియర్ జోన్ వస్తాది, అందరం ఎగురుతాం, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ మిషన్‌లో వేస్తే ఎప్పుడో తెలిసిన పాత మాలిక్యూలే అని తేలుతాది. అందుకే ఇది పాతదేనా అని సరిచూసే డీరెప్లికేషన్ ముందే చెయ్యాల, పెళ్లి సంబంధంలో మొదట గోత్రం అడిగినట్టు, ఒకటే అయితే కాఫీ తాగి లేచి వచ్చెయ్యడమే.

ఇంకొన్ని అసలు ప్లేట్ మీద పెరగనే పెరగవు. అంటార్కిటికాలో సముద్రం అడుగున బండకి అతుక్కోని బతికే సైనోయికమ్ అనే జీవి ఉంది, దాంట్లో పామెరొలైడ్ ఎ అనే పదార్థం దొరికినట్టు 2006లో ప్రకటించారు, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాల్ని చంపుతాది, ల్యాబ్‌లోనే సుమా. దాన్ని తయారుచేసేది ఆ జీవి కాదు, దాని లోపల కాపురముండే బ్యాక్టీరియా అని 2021లో తేలింది, అదీ విడిగా పెంచి కాదు, డీఎన్‌ఏ చదివి.

పొద్దన ఒక అమ్మాయి అడిగింది, ఈ చలి బ్యాక్టీరియా మన తూపిలిపాళెం బీచ్ ఇసకలో దొరకవా సార్ అని. ఒడ్డున దొరకవమ్మా, అక్కడ నీళ్లు 28, 30 ఉంటాయి. అదే బంగాళాఖాతంలో కిలోమీటరు లోతుకి పోతే 6, 7 డిగ్రీలే, కానీ ఆ బురద తేవాలంటే మన వాకాడు పడవలు సరిపోవు, సాగర్ నిధి లాంటి సముద్ర పరిశోధన ఓడ కావాల. ఆ ఓడ నడిపే ఎన్ఐఓటీ, అంటే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, చెన్నైలోనే ఉండాది, మనకి పొద్దన బస్సెక్కితే మధ్యాన్నానికి చేరే దూరం.