పేరు గొప్పే, మరి గ్లవ్? డెరెక్ జీటర్ ఫీల్డింగ్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియో చూశాక అమెరికాలో ఉన్న మన న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు ఫ్యాన్స్ నన్ను తిట్టుకుంటారని తెలుసు. అయినా సరే, వాళ్ల స్టార్ జీటర్ ఫీల్డింగ్ గురించి చెప్పేస్తాను.

ముందు ఈ క్లిప్ చూడండి. 2001 అక్టోబర్ 13, ఓక్లండ్. ప్లేఆఫ్స్, ఏడో ఇన్నింగ్స్. యాంకీస్ 1-0తో ముందున్నారు. రైట్ ఫీల్డ్ మూల నుంచి షేన్ స్పెన్సర్ విసిరిన త్రో, మధ్యలో అందుకోవాల్సిన ఇద్దరి తలల మీదుగా వెళ్లిపోయింది. ఓక్లండ్ రన్నర్ జెరెమీ జియాంబీ హోమ్ ప్లేట్‌కి వచ్చేస్తున్నాడు, అది తాకితే ఒక పరుగు. స్కోరు సమమైపోయినట్టే. ఆగండి, ఇక్కడ పాజ్ చేస్తున్నా. ఫ్రేమ్‌లోకి పరుగెత్తుకొస్తున్నది జీటర్. షార్ట్‌స్టాప్ అండి ఆయన, సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య ఉండాల్సిన మనిషి! ఫస్ట్ బేస్ లైన్ దగ్గర బంతి అందుకుని, ఆగి విసిరే టైమ్ లేక, పరుగులోనే పక్కకి అలా అందించాడు. క్యాచర్ పొసాడా రన్నర్ కాలికి బంతి తాకించాడు. ఔట్. మ్యాచ్ 1-0తోనే ముగిసింది.

దీనికి నేనూ చప్పట్లు కొడతాను. ఆ బుర్ర అందరికీ ఉండదు.

కానీ షార్ట్‌స్టాప్ రోజువారీ పని అది కాదు. నేల మీద దూసుకొచ్చే బంతిని చేరుకోవడం, ఫస్ట్ బేస్‌కి విసరడం, అంతే. ఈ పనికి జీటర్‌కి ఐదు గోల్డ్ గ్లవ్‌లు, అంటే ఉత్తమ ఫీల్డర్ అవార్డులు, వచ్చాయి: 2004, 2005, 2006, 2009, 2010. ఓటేసింది మేనేజర్లు, కోచ్‌లు. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ లెక్క చూస్తే మాత్రం 20 సీజన్లలో సగటు షార్ట్‌స్టాప్ కంటే 200 పైచిలుకు పరుగులు ఎక్కువ ఇచ్చాడు.

ఇంత తేడా ఎలా వచ్చింది? కిటుకంతా ఎర్రర్ అనే మాటలో ఉంది. 2010 సీజన్ మొత్తంలో జీటర్ ఎర్రర్లు ఆరే. చేతికందిన బంతి వదలడు, త్రో తప్పడు. కానీ అందని బంతికి ఎర్రర్ రాయరు కదా! క్రికెట్‌లో పాయింట్ ఫీల్డర్ ఆలస్యంగా కదిలి, బంతి పక్కనుంచి బౌండరీకి పోతే దాన్ని మిస్‌ఫీల్డ్ అంటామా? "అబ్బ, ఏం షాట్!" అంటాం.

జీటర్‌దీ అదే కథ. ముఖ్యంగా ఎడమవైపు, సెకండ్ బేస్ మీదుగా పోయే బంతులకి. మొదటి అడుగు కాస్త ఆలస్యం. తర్వాత ఒక అందమైన డైవ్. బంతి గ్లవ్‌ని తప్పించుకుని సెంటర్ ఫీల్డ్‌కి. జెర్సీ నిండా మట్టి, మనకేమో జాలి. అదే బంతిని ఇంకొకడు రెండడుగులు ముందే కదిలి, నిలబడే పట్టుకుంటాడు. వాడికి రీప్లే కూడా వేయరు.

నాకు నవ్వొచ్చే ముచ్చట ఇంకోటుంది. 2002, 2003లో షార్ట్‌స్టాప్‌గా గోల్డ్ గ్లవ్ కొట్టిన అలెక్స్ రోడ్రిగ్జ్ 2004లో యాంకీస్‌కి వచ్చాడు. షార్ట్‌స్టాప్ స్థానం వదిలి కదిలింది ఎవరు? రోడ్రిగ్జే, థర్డ్ బేస్‌కి. జీటర్‌కి మొదటి గోల్డ్ గ్లవ్ సరిగ్గా ఆ ఏడాదే!

బ్యాటింగ్ జోలికి నేను పోను. 3,465 హిట్లు, గొప్ప ఆటగాళ్లకిచ్చే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌ ఎన్నికలో 397 ఓట్లకి 396. అక్కడ వంక పెట్టడానికేం లేదు. ఫీల్డింగ్‌కి మాత్రం నా మార్కులు పదికి నాలుగు, అందులో ఒకటి ఓక్లండ్ త్రోకే.

నమ్మకం కుదరకపోతే పాత యాంకీస్ మ్యాచ్ ఏదైనా పెట్టుకోండి. జీటర్ డైవ్ కొట్టిన చోట ఆపి, బంతి బ్యాట్‌కి తగిలిన క్షణానికి వెనక్కి వెళ్లండి. ఈసారి గ్లవ్ వదిలేసి కాళ్లు చూడండి.