ఒప్పుకోలు ఉన్నా కేసు ఎందుకు వీగిపోతోంది?

యాంకర్: నమస్కారం. పేలుళ్ల కేసుల్లో నిందితుడు నేరం ఒప్పుకున్నాడని వార్త వస్తుంది. ఏళ్ల తర్వాత అదే కేసు కోర్టులో నిలబడదు. సర్, లోపం ఎక్కడుంది?

రిటైర్డ్ పోలీసు అధికారి: ఒప్పుకోలు దొరికితే పని అయిపోయిందనుకోవడంలోనే ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్నది చెల్లదని 1872 సాక్ష్య చట్టమే చెప్పింది. ఇప్పటి సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే. అతని మాటను బట్టి ఒక వస్తువు దొరికితే, దాని వరకు ఆ మాట పనికొస్తుంది. అందుకే సిమ్ ఏ షాపులో తీసుకున్నాడు, లాడ్జి రిజిస్టర్లో ఏ పేరు రాశాడు అని తిరగాలి. కాళ్లరిగే పని అది.

న్యాయవాది: మేజిస్ట్రేట్ ముందు చెప్పినా చాలదండీ. మన మక్కా మసీదు కేసే చూడండి. 2007 మే 18న పేలుడు. మొదట పట్టుకెళ్లిన కుర్రాళ్లలో కొందరు తమను హింసించారని చెప్పారు. తర్వాత 2010లో మరో నిందితుడు ఢిల్లీలో మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలమిచ్చి, ఆనక వెనక్కి తీసుకున్నాడు. 2018 ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలకు ఏం చెబుతాం?

యాంకర్: నార్కో టెస్టు చేయొచ్చు కదా అంటారు జనం.

న్యాయవాది: సోడియం పెంటోథాల్ ఎక్కిస్తే మనిషి మగతలో మాట్లాడతాడు. అందులో నిజమూ ఉంటుంది, ఊహా ఉంటుంది. ఇష్టం లేకుండా ఆ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అధికారి: ఇంకో బాంబు ఎక్కడుందో అన్న టెన్షన్ మీద ఉన్న ఆఫీసర్ పరిస్థితి కూడా చూడాలమ్మా.

న్యాయవాది: చూడాలి సర్. కానీ దెబ్బలకు ఓర్చుకోలేక చెప్పిన అబద్ధం వెంట టీములన్నీ పరుగెడితే, అసలు మనిషికి పారిపోయే టైం దొరుకుతుంది.

అధికారి: అది మాత్రం ఒప్పుకుంటాను.

యాంకర్: కాల్ రికార్డులు సరిపోవా?

అధికారి: టవర్ లొకేషన్ ఫోన్ ఏ ప్రాంతంలో ఉందో చెబుతుంది, అది ఎవరి చేతిలో ఉందో చెప్పదు. దానికి సీసీ కెమెరానో, చూసిన సాక్షో తోడవ్వాలి. ఫోన్ సీజ్ చేసిన రోజే హాష్ వాల్యూ, అంటే డేటా తర్వాత మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్, రాసుకోవాలి. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ లేకపోతే ఆ డేటా సాక్ష్యంగా నిలవడం కష్టం.

న్యాయవాది: 2024 జూలై నుంచి సోదాలకు వీడియో కూడా తప్పనిసరి. పంచనామా మీద అనుమానాలు చాలావరకు అక్కడే తీరతాయి. ఆ పరికరాలు, శిక్షణ జిల్లా కేంద్రాలకే కాదు, మండల స్టేషన్లకూ అందాలి. మొదట నేరస్థలానికి వెళ్లేది వాళ్లే.