టైమింగ్ చెయిన్ కిట్ రివ్యూ: ఇంట్లోనే బిగించాను, ఆ మూడు లింకుల గురించి చెప్పాలి

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ టైమింగ్ చెయిన్ కిట్ మన విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్స్ షాపువాళ్లు రివ్యూ కోసం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా చెప్పమని కూడా అడగలేదు. టైమింగ్ చెయిన్ అంటే, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసునీ, వాల్వులు తెరిచే రెండు క్యామ్ ఇరుసులనీ కలిపి లెక్క తప్పకుండా తిప్పే గొలుసు. బాక్సులో ఏమేం వస్తాయో మీరు చూసే ఉంటారు, మళ్లీ చదవను.

నా కళ్లు పడింది ఇదిగో, ఈ మూడు లింకుల మీద. దగ్గరికి తెస్తున్నా, చూడండి. చెయిన్ అంతా నల్లగా ఉంది, ఇవి మూడూ పసుప్పచ్చగా మెరుస్తున్నాయి. క్రాంక్ చక్రం మీది మార్కుకి ఒకటి, రెండు క్యాముల చక్రాల మార్కులకి చెరొకటి ఎదురుగా పెట్టాలి. ఇంట్లో ఇంజిన్ విప్పుకున్నవాళ్లకి ఇవే దిక్కు. పెట్రోల్లో ముంచిన గుడ్డతో గట్టిగా తుడిచాను, రంగు చెక్కు చెదరలేదు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, రెండేళ్ల కిందట మా బాబాయి కారుకి వేరే కిట్ వేశాను. దాని మార్కులు ఒట్టి పెయింటు. ఆయిల్ చేత్తో రెండుసార్లు పట్టుకునేసరికి లేచిపోయింది. పటమటలో మా రేకుల షెడ్డు, మే నెల ఎండ, బాబాయి ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. ఏ లింకు ఏదో తెలియక మొత్తం మళ్లీ లెక్కపెట్టుకున్నాం. చక్రం మీద ఒక్క పన్ను తప్పినా ఇంజిన్ వణుకుతుంది. ఇంకా తప్పితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగుతాయి, ఇంజిన్ పైభాగం, అదే హెడ్, దించాల్సిందే.

చెయిన్‌ని బిగువుగా నొక్కిపట్టే టెన్షనర్‌కి, అది ముందే విచ్చుకోకుండా పిన్ను గుచ్చే వచ్చింది, మంచి పని చేశారు. బాబాయి కారుకి సైకిల్ చువ్వ ముక్క కోసి పెట్టాను. చెయిన్ ఆనుకుని జారే గైడు పట్టీ వైపు బిగువుగా ఉంచి, వదులంతా టెన్షనర్ వైపుకి తెచ్చి, బోల్టులు బిగించాకే పిన్ను లాగాను. టక్‌మని చెయిన్ బిగిసింది.

నాకు కోపం వచ్చింది కిట్‌లోని కాగితం మీద. స్టార్ట్ చేసే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్‌ని స్పానర్‌తో నిదానంగా రెండు చుట్లు తిప్పి చూడాలండీ. ఎక్కడైనా పట్టేస్తే బలం పెట్టకూడదు, ఆపేయాలి. ఆ ముక్క అందులో లేదు. ఇంకోటి, రెండు చుట్లయ్యాక ఆ పసుప్పచ్చ లింకులు మార్కుల దగ్గర కనబడవు. క్యాములు ఒక చుట్టు పూర్తి చేస్తాయి గానీ, చెయిన్ వాటికన్నా చాలా పొడుగు, దాని చుట్టు ఇంకా పూర్తవదు. చక్రాల మీది మార్కులు కుదిరాయా లేదా, అదే చూడండి. తెలియనివాళ్లు కంగారుపడి, సరిగ్గా పెట్టినదాన్ని మళ్లీ విప్పేస్తారు. రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది.

స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంది. టెన్షనర్‌కి ఆయిల్ ఎక్కగానే ఆగిపోయింది. పాత చెయిన్‌తో పొద్దున్నే వినబడే ఆ కరకర లేదిప్పుడు. నిన్న గుంటూరు వెళ్లొచ్చాను, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అద్దాలు దించి ఇంజిన్నే వింటూ నడిపాను.

నా డబ్బులతో కొనాల్సి వచ్చినా ఆ మూడు లింకుల కోసం ఇదే కొంటాను. క్రాంక్ ఆయిల్ సీలు, కవరుకి రాసే సిలికాన్ మాత్రం విడిగా తెచ్చుకోండి, ఇందులో లేవు.